పెద్దమ్మ వేయని పటం

పెద్దమ్మ ఎవరి ముఖం వేసినా చెవి దగ్గర మొదలుపెట్టేది. కళ్ళతో మొదలుపెడితే ఆ కళ్ళు మననే చూస్తూ కూర్చుంటాయనీ, మిగతా ముఖాన్ని ప్రశాంతంగా వేయనివ్వవనీ ఆమె వాదన. చెవితో ఆ గొడవ లేదు. చెవి కెమెరా కోసం నవ్వదు, గొప్పకి పోదు, ఎవరి చెవి వాళ్ళదే. అలా చెవులతో మొదలుపెట్టి, నలభై ఏళ్ళకు పైగా ఊళ్ళో పోయినవాళ్ళందరినీ ఆమె తిరిగి గోడల మీదికి తెచ్చింది.

అదే ఆమె పని. ఇంట్లో ఎవరైనా పోతే మిగిలినవాళ్ళు ఒక ఫొటో పట్టుకుని వచ్చేవాళ్ళు. గుర్తింపు కార్డులోంచి ఊడబీకిన అగ్గిపెట్టెంత ఫొటో, ఏదో పెళ్ళి గుంపులో మూడో వరసలో సగం ముఖం కనబడే ఫొటో, నీళ్ళు పడి ఉబ్బిన ఫొటో. దాన్ని చూసి ఆమె నిండు ముఖాన్ని నూనె రంగుల్లో వేసి ఇచ్చేది. సొంత చెల్లెలి కూతురు "పెద్దమ్మా" అని పిలవడం విని వీధి వీధంతా అదే పిలుపు అందుకుంది. ఆమెకంటే పదేళ్ళు పెద్దవాడైన మందుల షాపాయన కూడా పెద్దమ్మా అనేవాడు. మొదట్లో కస్సుమంది కానీ, తర్వాత చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టి వదిలేసింది.

ఆమె గది మేడ మీద ఉంది. ఎడమ పక్క పెద్ద కిటికీ, దాని పక్కన బొమ్మ నిలబెట్టే స్టాండు, ఒక ఎత్తు స్టూలు, ఒక పొట్టి స్టూలు, రంగులు తుడిచిన గుడ్డల కుప్ప. మెట్లెక్కుతుండగానే టర్పెంటైన్ వాసన ఎదురొచ్చేది. ఆమె వేసిన ముఖాలన్నిటికీ వెలుగు ఎడమ నుంచే పడుతుంది, ఎందుకంటే ఆ గదికి ఉన్నది ఆ ఒక్క కిటికీయే. ఫొటోలో ఎండ ఎటునుంచి పడితే ఆమెకేం, తన కిటికీ దగ్గరికి తెచ్చి కూర్చోబెట్టాకే వేసేది. స్టాండుకి ఎదురుగా వెనక గోడ మీద నిలువుటద్దం ఒకటి ఉండేది. దాని సంగతి తర్వాత చెప్తాను.

ఆమె ఈ విద్య ఏ కాలేజీలోనూ చదువుకోలేదు. పదిహేనో ఏట మేనమామ ఫొటో స్టూడియోలో చేరింది. మేనమామ నెగటివ్ చేతికిచ్చి, సన్నగా చెక్కిన పెన్సిల్‌తో ముఖం మీది మచ్చలూ ముడతలూ పూడ్చమనేవాడు. ఆయన చేయి పడితే డెబ్బై ఏళ్ళ ముసలమ్మ కూడా కోడిగుడ్డులా నున్నగా తేలేది. పెద్దమ్మ ఆ పనితనం పూర్తిగా నేర్చుకుంది. తర్వాత బతుకంతా దాన్ని మర్చిపోవడానికే కష్టపడింది.

నూనె రంగులు నేర్పినవాడు బోర్డుల తాత. షాపుల పేర్లూ, వాటి పక్కన సబ్బుతో ముఖం కడుక్కునే ఆడవాళ్ళ బొమ్మలూ వేసే ముసలాయన. "దగ్గర నిలబడి మురిసిపోకమ్మా, రోడ్డు దాటి అవతల్నుంచి చూడు," అనేవాడు. ఆమె ప్రతి బొమ్మనీ కిటికీలో పెట్టి, మెట్లు దిగి, రోడ్డు దాటి, మందుల షాపు గట్టు మీద నిలబడి చూసుకునేది. అద్దం సంగతి నేర్పిందీ ఆయనే. "రోజూ చూస్తుంటే తప్పుకి మన కళ్ళు అలవాటు పడిపోతాయి. అద్దం అలవాటు పడదు. బొమ్మకి వీపు పెట్టి అద్దంలో చూసుకో, వంకరంతా బయటపడుతుంది."

ఇంకొక గురువు పళ్ళ డాక్టరు గారి గోడ మీద ఉండేది. ఏదో పాత కాలెండర్లోంచి కత్తిరించి అద్దం కట్టించిన ముసలావిడ బొమ్మ. చుట్టూ చీకటి, ముఖం మీద ఇంత వెలుగు. ముడతల్లో ఒక్కటీ దాచలేదు, అయినా ఎంత అందంగా ఉందో. పెద్దమ్మ దాన్ని చూడటానికి పంటి నొప్పని చెప్పి రెండుసార్లు వెళ్ళి వరండాలో కూర్చుని వచ్చింది. మూడోసారి డాక్టరు గారు లోపలికి పిలిచేసరికి, మొహమాటానికి నిక్షేపంలాంటి పన్ను ఒకటి పీకించుకుంది. ఆ రోజు ఇంటికొచ్చి, బుగ్గలో దూది పెట్టుకునే, మొదటిసారి ముడత ముడతగా ఒక ముఖం వేసింది.

అక్కణ్ణుంచి ఆమె పద్ధతి మారలేదు. గోధుమరంగు పూతపూసి, చీకట్లోంచి ముఖాన్ని మెల్లగా బయటికి తీసుకొచ్చేది. ఉన్నదేదీ తీసేది కాదు. ఒకావిడ వాళ్ళాయన ముక్కు మీద పులిపిరి తీసేయమంటే, "బతికుండగా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళకపోయావా, నా దగ్గరికి తెచ్చావేం?" అంది. పటం పూర్తయ్యాక ఆవిడ ఆ పులిపిరినే వేలితో తడుముతూ భోరుమని ఏడ్చింది. పెద్దమ్మ గీసే కళ్ళు మాత్రం ఎప్పుడూ చూసేవాళ్ళ భుజం పక్కగా చూసేవి. పోయినవాళ్ళు తిన్నగా మనకేసి చూస్తుంటే ఇంట్లోవాళ్ళకి ముద్ద దిగొద్దూ అనేది. ఈ గీతా ఈ చూపూ చూసి, ఎవరింట్లో ఉన్నా అది పెద్దమ్మ పటమని జనం చెప్పేసేవాళ్ళు.

ఇన్ని పటాలు వేసిన మనిషి, పోయిన తన చెల్లెలి పటం వేయలేదు. ఎవరైనా అడిగితే "తీరిక లేదు" అనేది. ముప్పై ఎనిమిదేళ్ళుగా తీరిక లేకపోవడం ఎవరికైనా వింతగానే ఉంటుంది.

చెల్లెలు ఆమెకంటే మూడేళ్ళు చిన్నది. మాట మీద మాట, నవ్వు మీద నవ్వు. నవ్వితే పెదవి ఎడమ కొస ముందు లేచేది, కుడి కొస తాపీగా వెనక వచ్చేది. ఎడమ బుగ్గ మీద మిరియపుగింజంత పుట్టుమచ్చ. మేనమామకి స్టూడియో ఉన్నా చెల్లెలికి ఉన్నది ఒకే ఒక్క ఫొటో, కెమెరా ముందు కూర్చోమంటే ఏదో ఒక సాకు చెప్పి జారుకునేది మరి. ఇరవై ఒకటో ఏట ఎలాగో బతిమాలి కూర్చోబెట్టారు. ఆ నెగటివ్‌ని పెద్దమ్మ చీకటి గదిలో ప్రింటు వేస్తుంటే, చెల్లెలు పిలవకుండానే లోపలికొచ్చి, మేనమామ పొట్ట ముందుకు తోసి నడిచే నడక నడిచి చూపించింది. ఆ ఎర్ర దీపం వెలుతురులో పెద్దమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వుతూనే ప్రింటు యంత్రంలో నెగటివ్ పెట్టింది. మసక వైపు కిందికి ఉండాలి, మెరుపు వైపు పైకి ఉండాలి. తొమ్మిదేళ్ళుగా చేస్తున్న పని, ఆ ఒక్కరోజు తిరగబడింది.

ఫొటో ఆరాక చూస్తే పుట్టుమచ్చ కుడి బుగ్గ మీదికి వెళ్ళింది. పెదవి కుడి కొస ముందు లేచింది. పెద్దమ్మ నాలిక కరుచుకుని ఆ ఫొటో చించబోతే చెల్లెలు చేతిలోంచి లాక్కుంది.

"అద్దంలో నేను అచ్చం ఇలాగే ఉంటానక్కా. ఇన్నాళ్ళకి నా మొహం నాలా పడింది. ఉండనీ."

రేపు సరిగ్గా వేద్దాంలే అనుకున్నారు. ఆ రేపు రాలేదు. ఆ ఏడు వానలకి స్టూడియో కప్పు కారి, పెట్టెలోని నెగటివ్‌లన్నీ అంటుకుపోయి ఒక్క ముద్దయిపోయాయి. ఆరేళ్ళకి చెల్లెలు మూడు రోజుల జ్వరంలో చేయిదాటిపోయింది. నాలుగేళ్ళ కూతురు మిగిలింది. దాని తండ్రి ఏడాది తిరక్కుండా మళ్ళీ పెళ్ళి చేసుకుని, వేరే ఊళ్ళో వేరే కాపురం పెట్టాడు. పిల్ల పెద్దమ్మ దగ్గరే పెరిగింది. ఎముకలు లెక్కపెట్టేలా ఉండేది కాబట్టి దాన్ని పిచ్చుక అనేవాళ్ళు.

తల్లి పోయిన వారం, పిచ్చుక రోజూ పొద్దున్నే పొట్టి స్టూలు ఈడ్చుకొచ్చి, తల్లి గదిలోని నిలువుటద్దం ముందు వేసుకుని కూర్చునేది. ఏడుపు లేదు, మాట లేదు. తల దువ్వుకోలేదు కాబట్టి జుట్టు చిక్కులు పడిపోయింది. పెద్దమ్మ దువ్వబోతే తోసేసేది. నాలుగో రోజు ఆమె ఇక చూడలేకపోయింది. పిల్ల జుట్టు మెడ దాకా కత్తిరించి, అద్దాన్ని పైకి మోయించి తన పని గదిలో తగిలించేసింది. మంచికే చేశాననుకుంది. అప్పటికి ఆమెకి ముప్పై ఏళ్ళు, పిల్లల్ని పెంచడం ఆమెకెవరూ నేర్పలేదు.

ఇప్పుడు పిచ్చుకకి నలభై రెండు. ఆస్పత్రిలో నర్సు. ఒళ్ళు చేసింది, జుట్టు మళ్ళీ నడుం దాకా పెంచుకుంది, పేరు మాత్రం పిచ్చుకే. పెద్దమ్మకి అరవై ఎనిమిది. ఏడాదిగా కుడిచెయ్యి వణుకుతోంది. ఇది తగ్గేది కాదని డాక్టరు చెప్పాక, ఒప్పుకున్న ఫొటోలన్నీ ఎవరివి వాళ్ళకి తిరిగిచ్చేసింది.

ఒక ఆదివారం పొద్దున్న పిచ్చుక ఆ ఫొటో పట్టుకుని మేడెక్కింది. మంచం తల దగ్గర గోడకి తగిలించుకున్న ఫొటో అది. అన్నేళ్ళ వెలుగుకి వెలిసి, నుదురూ ఒక బుగ్గా తెల్లగా పోయాయి.

"అమ్మ చెరిగిపోతోంది పెద్దమ్మా."

పెద్దమ్మ ఫొటో వైపు చూసి చూడనట్టు చూసింది.

"నువ్వు వెయ్యాలి," అంది పిచ్చుక.

"నా చెయ్యి చూస్తున్నావుగా. టీ కప్పు ఎత్తితే సగం సాసర్లోనే ఉంటోంది."

"వణికితే వణకనీ. ఊళ్ళో అందరి అమ్మల్నీ వేశావు. మా అమ్మనే ఎందుకు వెయ్యలేదు? అడుగుదామనుకుంటూనే ఇంత దాన్నయ్యాను."

ఆ ఫొటో తిరగబడిందని ఆమె ఈ పిల్లకి ఎన్నడూ చెప్పలేదు. చిన్నప్పుడు చెప్తే బెంగపడుతుందనుకుంది. పెద్దయ్యాక, ఇన్నాళ్ళూ ఎందుకు దాచావంటుందేమోనని భయపడింది. ఫొటో చూసి వేస్తే పిల్ల గుర్తుపడుతుంది. కానీ ఆ ముఖం చెల్లెలిది కాదు. చెల్లెలి అసలు ముఖం తెలిసినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయి, ఈ భూమ్మీద తనొక్కతే మిగిలింది. తను కూడా పోతే ఆ పుట్టుమచ్చ ఏ బుగ్గ మీద ఉండేదో చెప్పే దిక్కుండదు. అసలు ముఖమే వేస్తే, తల్లి కోసం నలభై ఏళ్ళు తపించిన పిల్ల ముందు పరాయి మనిషిని నిలబెట్టినట్టవుతుందేమో. ఆ భయంతోనే చేతిలో సత్తువ ఉన్నన్నాళ్ళూ వేయలేదు. ఇప్పుడు ఒకే ఒక్క పటానికి సరిపడా సత్తువ మిగిలింది.

"ఆ కుర్చీలో పెట్టి వెళ్ళు," అంది చివరికి. "నేను కబురు చేసేదాకా మేడెక్కకు."

మర్నాడు పల్చటి కాగితం ఫొటో మీద పరిచి, గీతలన్నీ ఎత్తి రాసుకుంది. రాసుకుని చాలాసేపు దాన్ని చూస్తూ కూర్చుంది. తర్వాత ఆ కాగితాన్ని తిరగేసింది. అంతే పని. ముప్పై ఎనిమిదేళ్ళు చేయలేకపోయిన పని, పేజీ తిప్పినంత సేపు కూడా పట్టలేదు. కాగితం వెనక నుంచి చెల్లెలు ఆమెకేసి చూసింది, పుట్టుమచ్చ తన చోట తాను పెట్టుకుని. "ఎక్కడికి పోయావే ఇన్నాళ్ళూ," అని పెద్దమ్మ పైకే అంది. గదిలో ఎవరూ లేరు కాబట్టి ఏడుపు ఆపుకోలేదు.

నెలన్నర పట్టింది. పొద్దున కాసేపు మాత్రమే చెయ్యి మాట వినేది. ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని, ఊపిరి బిగబట్టి ఒక్కొక్క గీతా పెట్టేది. ముందు చెవి. ఆ తర్వాత దవడ, మెడ, జుట్టు. వణుకు వల్ల గీతలు ఎప్పటంత గట్టిగా రాలేదు, అంచులు కొంచెం మసకగా వచ్చాయి. చెల్లెలు కూడా ఒక్కచోట నిలిచే మనిషి కాదు కాబట్టి అదీ బాగానే ఉందనుకుంది. పెదవి ఎడమ కొస పెట్టడానికి నాలుగు రోజులు పట్టింది. ఈ ఒక్క పటానికి మాత్రం ఆమె అద్దంలోకి తిరిగి చూసుకోలేదు. చూస్తే మళ్ళీ ఆ తప్పు ఫొటోనే కనబడుతుంది. అలవాటుగా చూపు అటే పోతుందని, అద్దం మీద పాత దుప్పటి ఒకటి కప్పేసింది.

కబురందగానే పిచ్చుక డ్యూటీ దిగి, అటునుంచి అటే వచ్చింది. పొద్దున తొమ్మిదయింది, కిటికీ నిండా వెలుగుంది. మెట్లెక్కిన ఆయాసంతోనే పటం ముందు నిలబడింది. పెద్దమ్మ చేతులు ఒళ్ళో దాచుకుని ఎత్తు స్టూలు మీద కూర్చుని, పటాన్ని కాకుండా పిల్ల ముఖాన్ని చూస్తోంది.

పిచ్చుక చాలాసేపు చూసింది. తల ఇటు వంచింది, అటు వంచింది.

"ఎవరు పెద్దమ్మా ఈవిడ?"

పెద్దమ్మ స్టూలు మీంచి ముందుకి వంగింది.

"మీ అమ్మే."

"అమ్మలాగే ఉంది. అమ్మకి అక్కో చెల్లో అంటే నమ్ముతాను. అమ్మ మాత్రం కాదు."

ఇక దాచి లాభం లేదు. పెద్దమ్మ చీకటి గదీ, ఎర్ర దీపం, మేనమామ నడకా, తిరగబడ్డ నెగటివ్, అంతా చెప్పేసింది. పిచ్చుక పక్కనున్న పొట్టి స్టూలు మీద కూలబడింది.

"అంటే ఇన్నేళ్ళూ నేను ముద్దు పెట్టుకున్నది తప్పు మొహానికా?"

"తప్పు నాది. మొహానిది కాదే."

"చెప్పొచ్చుగా ఒక్కసారి! నేనేమైనా నిన్ను కొడతానా, తిడతానా?" పిచ్చుక కళ్ళు తుడుచుకుంది. మళ్ళీ పటం వైపు చూసి తల అడ్డంగా ఊపింది. "నువ్వు ఎన్నయినా చెప్పు. నాకు గుర్తున్న అమ్మకి మచ్చ ఇటే, ఫొటోలో ఉన్న వైపే ఉంది. నవ్వితే ఇటే లేచేది."

"అది ఫొటో చూసీ చూసీ..."

"ఫొటోలో అమ్మ కదలదు పెద్దమ్మా. నాకు గుర్తున్న అమ్మ కదులుతుంది. జడ వేస్తుంది. పళ్ళ మధ్య రిబ్బను పట్టుకుని ఏదో పాడుతుంది. నేను తల పైకెత్తి చూడబోతే దువ్వెనతో ఒక్కటి మొట్టేది. తల ఎత్తకు, ముందుకి చూడు అనేది. నేను ముందుకి చూసేదాన్ని. అమ్మ నవ్వేది."

"ముందుకి చూస్తే అమ్మ ఎలా కనబడిందే? అమ్మ నీ వెనక కదా ఉంది?"

ఇద్దరి కళ్ళూ గోడ మీద దుప్పటి కప్పిన నిలువుటద్దం వైపు తిరిగాయి.

నాలుగేళ్ళ పిల్ల రోజూ స్టూలు వేసుకుని కూర్చున్నది ఎవరి కోసమో పెద్దమ్మకి ఇప్పుడు అర్థమైంది. దానికి గుర్తున్న తల్లి ఆ అద్దంలోనే ఉంది. తను ఆ అద్దాన్ని పిల్ల దగ్గర్నుంచి తీసుకెళ్ళిపోయింది. తీసుకెళ్ళి, ఊరందరి ముఖాల్లో వంకరలు చూసుకుంది. "నా చేతులు పడిపోనూ," అంటూ నుదురు కొట్టుకుంది. తర్వాత లేచి నిలబడింది.

"ఆ స్టూలు ఇటు జరుపు. అటు తిరిగి కూర్చో. నా వైపు కాదు, గోడ వైపు."

పిచ్చుక పటానికి వీపు పెట్టి కూర్చుంది. పెద్దమ్మ స్టాండుని ఈడ్చి, పిల్ల వెనక సరిగ్గా తల పైన పటం నిలిచేలా సర్దింది. తర్వాత వెళ్ళి దుప్పటి లాగేసింది.

అద్దంలో పిచ్చుక ముఖం, దాని పైన తల్లి ముఖం. పుట్టుమచ్చ అటు వెళ్ళింది. పెదవి కొస అటు లేచింది. చూపు కూడా, ఎప్పుడూ భుజం పక్కగా పోయే పెద్దమ్మ పటాల చూపు, అద్దంలో కూతురి నెత్తి మీద జుట్టు మీద నిలిచింది, పాపిడి సరిగ్గా వచ్చిందా లేదా అని చూసుకుంటున్నట్టు.

"అమ్మా," అంది పిచ్చుక. పెద్దమ్మా అనలేదు.

పెద్దమ్మ కిటికీ చువ్వ పట్టుకుని నిలబడింది. అక్కణ్ణుంచి ఆమెకి అద్దమూ కనబడుతోంది, పటమూ కనబడుతోంది. పిల్ల తల్లి అందులో ఉంది, తన చెల్లెలు ఇందులో ఉంది. ఇద్దరిలో ఎవరినీ చెరపాల్సిన పని లేదు.

చాలాసేపటికి పిచ్చుక చేతులు వెనక్కి వెళ్ళాయి. డ్యూటీ కోసం గట్టిగా చుట్టిన ముడి పిన్నులు ఒక్కొక్కటే తీసి ఒళ్ళో పెట్టుకుంది. జుట్టు వీపు మీద పడింది. చేతిసంచిలోంచి దువ్వెన తీసి, వెనక్కి తిరక్కుండానే చాచింది.

"నా చెయ్యి వణుకుతుందే," అంది పెద్దమ్మ.

"వణకనీ."

పెద్దమ్మ పటానికి అడ్డం రాకుండా ఒక పక్కకి నిలబడి, ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని, దువ్వెన జుట్టులో పెట్టింది. ముప్పై ఎనిమిదేళ్ళ కిందట ఈ పిల్ల ఆమె చేతిని తోసేసింది, ఇవాళ తోయలేదు. చిక్కు దగ్గర దువ్వెన ఆగింది. పిచ్చుక నొప్పికి తల పైకెత్తబోయింది.

"తల ఎత్తకు," అంది పెద్దమ్మ. "ముందుకి చూడు."